ఫోమ్ రోలరా, బంతా, మసాజ్ గన్నా: ఏది మేలు?

2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్‌డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. అవి చూసొచ్చినప్పటి నుంచి మా గ్రౌండ్ పిల్లలది ఒకటే ప్రశ్న: “సార్, రోలర్ కొనమంటారా, మసాజ్ గన్ కొనమంటారా?” కానిస్టేబుల్ ఉద్యోగాలకు పెట్టే పరుగు, లాంగ్ జంప్ పరీక్షలైన ఈవెంట్స్‌కి తయారయ్యేవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. రోలర్ అంటే కండరం కింద పెట్టుకుని ఒళ్లు దాని మీద దొర్లించే గుండ్రటి ఫోమ్ దిమ్మె, మసాజ్ గన్ అంటే కండరాన్ని టకటకా తట్టే మోటారు పరికరం. ఇంట్లో అడిగి తెచ్చుకునే డబ్బు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కంటే అంతా ఒకచోట రాస్తున్నాను.

రోలర్ కండరంలో ముడులను చిదిమేస్తుందని, కండరాల చుట్టూ గట్టిపడిన పొరలను విడదీస్తుందని వీడియోల్లో చెబుతుంటారు. అది నిజం కాదు. తొడ బయటి పక్కన ఉండే పొర ఎంత దిట్టమైనదంటే, దాన్ని ఒక్క శాతం నొక్కడానికి కూడా మామూలుగా శరీరం మీద పడే బలాలు చాలవని 2008లో లెక్కగట్టి చూపించారు. మరి రోలర్ ఆడించాక కాలు ఎందుకు తేలికవుతుంది? ఒక కాలి పిక్క మీద రోలర్ ఆడిస్తే, దాన్ని తాకనైనా తాకని రెండో కాలి చీలమండ కూడా కాస్త ఎక్కువ వంగుతుందని పరీక్షల్లో తేలింది. అంటే పని జరుగుతున్నది ఎక్కువగా నరాల్లో, మెదడులో. సాగినప్పుడు ఇంతకుముందు ‘చాలు, ఆపు’ అన్నచోట ఇప్పుడు ఇంకొంచెం ఓర్చుకోనిస్తోంది.

ఇది అర్థమైతే ఏది కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. పళ్లు బిగబట్టి ఏడుపు ఆపుకుంటూ రుద్దితే శరీరం ఇంకా బిగుసుకుంటుంది. అందుకే నేను ముందుగా చూసేది వస్తువు గట్టిదనం కాదు, ధర కాదు. దాని ఒత్తిడి పెంచడం, తగ్గించడం మీ చేతిలో ఉందా లేదా అన్నదే మొదట చూస్తాను. రోలర్ మీద ఉన్నప్పుడు ఊపిరి మామూలుగా ఆడాలి. పక్కవాడితో మాట్లాడగలగాలి. పదికి అయిదారు మార్కుల నొప్పి వరకు పర్వాలేదు. అది దాటితే ఆ వస్తువు మీకు పనికిరాదు, లేదా మీరు దాన్ని వాడే తీరు మార్చాలి.

ఈ లెక్కన నా ఓటు నున్నగా ఉండే మామూలు ఫోమ్ రోలర్‌కే. తొడ ముందు భాగానికి బోర్లా పడుకుని, మోచేతుల మీద ఎంత బరువు మోస్తే రోలర్ మీద అంత తగ్గుతుంది. పిక్కకైతే మొదట రెండో కాలి పాదం నేల మీదే ఉంచి సాయం తీసుకోవాలి, అలవాటయ్యాక ఆ కాలిని పైన వేసుకుంటే బరువు పెరుగుతుంది. యాభై కిలోల కబడ్డీ అమ్మాయికీ, తొంభై కిలోల షాట్‌పుట్ అబ్బాయికీ ఒకే రోలర్ సరిపోతుంది. ముళ్లుముళ్లుగా బుడిపెలు ఉన్న గట్టి రకం చూడగానే ప్రొఫెషనల్‌గా అనిపిస్తుంది, పిల్లలు దానికే ఆశపడతారు. మొదటిసారి కొనేవాళ్లకు నేను దాన్ని వద్దంటాను. తెల్లగా, తేలిగ్గా ఉండే చవక రకం కూడా కొద్దికాలానికే నొక్కుకుపోయి గుండ్రదనం పోతుంది. చేత్తో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేచేది తీసుకోండి, కొన్ని వందల్లోనే దొరుకుతుంది. మన ఎండలకు బైక్ మీద కట్టి వదిలేయకండి. కొనే వీలు లేనివాళ్లు పీవీసీ పైపు ముక్కకు మందపాటి పాత టవల్ రెండు మూడు చుట్లు చుట్టుకుంటే పని నడుస్తుంది.

బంతి సంగతి వేరు. అరికాలికీ, పిరుదులకూ రోలర్ కంటే బంతే మేలు, ఎందుకంటే అక్కడ రోలర్ లోతుగా అందదు. కానీ బరువంతా ఒకే చోట పడుతుంది కాబట్టి నేల మీద పడుకుని వాడితే ఒత్తిడి మీ మాట వినదు. గోడకు ఆనుకుని, వీపుకీ గోడకీ మధ్య లేదా పిరుదుకీ గోడకీ మధ్య పెట్టుకుంటే, మోకాళ్లు వంచి ఎంత కావాలో అంతే ఒరగవచ్చు. పాత టెన్నిస్ బంతి చాలు. క్రికెట్ లెదర్ బంతి వద్దు, దాని కుట్టు ఒత్తుకుంటుంది.

మసాజ్ గన్‌ను తీసిపారేయలేం. పిక్క మీద అయిదు నిమిషాలు వాడితే చీలమండ కదలిక పెరిగిందనీ, బలం తగ్గలేదనీ 2020లో ఒక పరిశోధన వచ్చింది. ఒత్తిడి కూడా చేతిలోనే ఉంటుంది. అయినా ఒక మంచి గన్ ధరకు కొన్ని రోలర్లు వస్తాయి. ఎముక మీద, మెడ పక్కన ఆడించే పిల్లలను చూస్తే నాకు భయం వేస్తుంది. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్లు, జాగ్రత్తగా వాడేవాళ్లు తీసుకోవచ్చు.

చేత్తో పట్టుకుని రుద్దుకునే స్టిక్ రోలర్ ప్రయాణాల్లో పిక్కలకు బాగుంటుంది. నూనె మాలిష్ హాయిగా ఉంటుంది, సాయంత్రం చేయించుకోండి.

ఇక వీటితో పరుగు ఎంత మారుతుంది? 21 పరిశోధనలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో, ముందుగా రోలర్ వాడితే స్ప్రింట్ వేగం 0.7 శాతం, వంగే గుణం 4 శాతం పెరిగినట్టు వచ్చింది. ఈవెంట్స్‌లో మగవాళ్లకు 100 మీటర్లకు ఇచ్చే 15 సెకన్లలో 0.7 శాతం అంటే సెకనులో పదో వంతు. అంచు మీద ఉన్నవాళ్లకు అదీ విలువే, కానీ దాన్ని నమ్ముకుని పరుగు సాధన తగ్గించొద్దు. 1600 మీటర్ల టైమింగ్ పరుగెత్తితేనే తగ్గుతుంది. నాకు ఎక్కువగా ఉపయోగపడేది ప్రాక్టీస్ అయ్యాక. మరుసటి రోజు ఒళ్లు నొప్పులు కొంత తగ్గి, పిల్లలు మళ్లీ గ్రౌండ్‌కు వస్తున్నారు.

పరుగుకు ముందైతే ఒక్కో కండరానికి అర నిమిషం నుంచి నిమిషం చాలు. దాని ప్రభావం పది ఇరవై నిమిషాలకు మించి నిలబడదు కాబట్టి, వెంటనే లేచి కాళ్లు ఊపడం, మోకాళ్లు ఎత్తి నడవడం, చిన్న స్ప్రింట్లు చేయాలి. రోలర్ చేసి కూర్చుని ఫోన్ చూస్తే చేసిందంతా వృథా. కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్ ఒకే కండరానికి నిమిషం దాటితే బలం కొంచెం తగ్గుతుంది. రోలర్‌తో ఆ ఇబ్బంది కనబడలేదు, లాంగ్ జంప్‌కు ముందు నేను దాన్నే ఇష్టపడడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి బిగుసుకున్న తొడ వెనక కండరాలకు మాత్రం రోజూ స్ట్రెచింగ్, బలం పెంచే వ్యాయామాలు వారాల పాటు చేయాల్సిందే. ఆ పని ఏ రోలరూ చేయలేదు.

నడుము ఎముక మీద, మోకాలి వెనక గుంటలో, ఉబ్బిన నరాల మీద ఇవేవీ వాడకండి. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే రుద్దకుండా డాక్టర్‌కు చూపించండి. కబడ్డీలో తొడకు మోకాలి దెబ్బ తగిలి గడ్డకట్టినట్టు అయితే ‘రోలర్‌తో కరిగిద్దాం’ అనుకుంటారు. అలా చేస్తే లోపల రక్తస్రావం పెరగవచ్చు, దెబ్బతిన్న కండరం ఎముకలా గట్టిపడే ప్రమాదం కూడా ఉంది. మొదటి కొన్ని రోజులు అక్కడ రోలర్, బంతి, గన్, మాలిష్ ఏదీ వద్దు. ఐస్ పెట్టి, గుడ్డ చుట్టి, మోకాలు నొప్పి లేనంత వరకు మడిచి ఉంచండి.