అంత పెద్ద తెరలో ఆ ఒక్క అంకె లేదు

మా విద్యుత్ కారు తెర జానెడు పైనే ఉంటుంది. బయట ఎండ ఎంత, ఏ పాట వస్తోంది, ఏ టైరులో గాలి తగ్గింది, యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయి, అన్నీ చూపిస్తుంది. కానీ పొద్దున్నే బండిని నిద్ర లేపే 12 వోల్టుల చిన్న బ్యాటరీ వోల్టేజీ ఎంతో మాత్రం ఎక్కడా చూపించదు. మెనూలన్నీ వెతికాను, ఫోన్ యాప్‌లోనూ వెతికాను. లేదు. మూడేళ్లు దాటిన ఈ బండి మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క అంకె గురించే. రేంజ్, బూట్ స్పేస్, పికప్ గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి జోలికి పోను.

కొత్తలో మా చుట్టాల్లో ఎవరు అడిగినా, "ఇంజిన్ లేదు, క్లచ్ లేదు, ఆయిల్ మార్చే పనే లేదు, ఇందులో పాడవ్వడానికి ఏముంది?" అనేవాణ్ణి. ఆ మాట ఇప్పటికీ అబద్ధం కాదు. మోటారు, దాన్ని నడిపే పెద్ద బ్యాటరీ ఇంతవరకు ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. కాకపోతే ఇప్పుడు ఎవరైనా అడిగితే కాస్త గొంతు తగ్గించి చెబుతున్నాను.

ఎందుకంటే, 300 వోల్టులు దాటిన ఆ పెద్ద బ్యాటరీ తనంతట తాను పనిలోకి దిగదు. దాని కరెంటు బయటికి రావాలంటే లోపల కాంటాక్టర్లనే పెద్ద స్విచ్‌లు మూసుకోవాలి. వాటిని మూసేది ఈ 12 వోల్టుల కరెంటే. లాకర్ నిండా బంగారం ఉన్నా తాళంచెవి లేకపోతే ఎంతో, ఇదీ అంతే. పెట్రోలు బండిలో అయితే బ్యాటరీ నీరసిస్తే సెల్ఫ్ కొట్టినప్పుడే తెలిసిపోతుంది, రెండు మూడు రోజుల ముందు నుంచే మూలుగుతుంది. ఇందులో సెల్ఫ్ మోటారే లేదు కాబట్టి ఆ మూలుగూ ఉండదు. నిన్న రాత్రి వరకు అన్నీ సవ్యంగా ఉంటాయి, తెల్లారేసరికి కదలదు.

మాది విశాఖపట్నం, ఇల్లు సముద్రానికి దగ్గర, బండి ఉండేది ఆరుబయట. రెండో వానాకాలం నుంచి తిక్క వేషాలు మొదలయ్యాయి. పొద్దున స్టార్ట్ బటన్ నొక్కగానే ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ ఒకేసారి వెలిగేవి. తెర ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లోడయ్యేది. ఆపి, ఓ నిమిషం ఆగి మళ్లీ నొక్కితే ఏమీ ఎరగనట్టు "రెడీ" అనేది. ఎప్పుడో ఒక రోజు చేసేది, తర్వాత చాలా రోజులు మౌనం. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడ బుద్ధిమంతురాలు. జాబ్ కార్డు మీద "సమస్య కనిపించలేదు" అని రాసి, కంప్యూటర్‌లో నమోదైన ఫాల్ట్ కోడ్‌లు చెరిపేసి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, నీళ్లతో కడిగి ఇచ్చేవారు. కడగడం మాత్రం బాగా కడిగేవారు.

తర్వాత ఒకసారి 12 వోల్టుల బ్యాటరీనే వారంటీ కింద ఉచితంగా మార్చారు. కొన్ని వారాలు హాయిగా నడిచింది. ఆ ఊపులో ఆ సెంటర్‌కి నేను ఐదు చుక్కల రేటింగ్ కూడా ఇచ్చాను. దాన్ని తర్వాత మూడుకి దించాను, ఇంకా దించాలా అని ఆలోచిస్తున్నాను.

కార్తీక మాసంలో ఒక ఆదివారం అమ్మను అరసవల్లి తీసుకెళ్దామని చీకటితోనే లేచాం. రాత్రంతా జల్లు పడింది. తలుపులు తెరుచుకున్నాయి, లోపల లైటు వెలిగింది. బ్రేకు తొక్కి బటన్ నొక్కగానే క్రిస్మస్ చెట్టు అలంకరణలా లైట్లన్నీ వెలిగి, లోపలెక్కడో రిలేలు టకటకా కొట్టుకుని అంతా ఆరిపోయింది. ఫోన్ యాప్‌లో చూస్తే పెద్ద బ్యాటరీ 84 శాతం. ఎదురింటి గేటుకి సగం అడ్డంగా ఉన్న బండిని పక్కకి తోద్దామన్నా వీల్లేదు. గేరు 'పి'లో ఉంది, అందులోంచి రావాలన్నా ఆ కరెంటే కావాలి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. అమ్మ పూజ బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి "బస్సుకి పోదాం పదరా" అంటోంది.

నాకేం తోచక బానెట్ ఎత్తి చూస్తున్నాను. ఎదురింటి మాస్టారు పాల ప్యాకెట్లతో వస్తూ ఆగి, ఆయనా ఓసారి తొంగి చూసి, "వాన పడుతోంది, ముందు అది మూసెయ్ బాబూ" అని తనే ధభీమని వేశారు. మళ్లీ బటన్ నొక్కాను. రెడీ. దారిలో ఒక్క లైటు కూడా వెలగలేదు, శ్రీకాకుళం వెళ్లి వచ్చేశాం. అయినా అమ్మ దేవుడికి ఏం మొక్కుకుందో అడగలేదు.

ఆ వారమే రెండు వందల పైచిలుకు రూపాయలు పెట్టి, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న వోల్ట్ మీటరు కొన్నాను. కంపెనీ ఇవ్వని అంకె అది. మామూలుగా బండి లేచేటప్పుడు 12.3, 12.4 చూపించి, రెడీ అవ్వగానే 14 దగ్గరకి ఎగబాకేది. మబ్బు పట్టి చెమ్మగా ఉన్న పొద్దుల్లో మాత్రం బటన్ నొక్కగానే 11 కిందకి జారిపోయేది. అదే నిమిషంలో బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్ల మీదే మల్టీమీటరు పెడితే 12.4. ఒకటే బ్యాటరీ, రెండు లెక్కలు. మధ్యలో వోల్టున్నర ఎవరు తింటున్నారు?

దీనికి జవాబు విజయనగరంలో దొరికింది. మా అత్తగారి ఊరు. అదే కంపెనీకి అక్కడున్న ఇంకో సెంటర్‌లో బండిని రాత్రికి వదిలేసి, "పొద్దున నేను వచ్చేదాకా ఎవరూ తలుపు కూడా తియ్యొద్దు" అని చెప్పి వచ్చాను. మర్నాడు ఓ కుర్ర టెక్నీషియన్ స్కానర్ పక్కన పెట్టేసి, మల్టీమీటరు తీగ ఒకటి బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది బాడీలో రంగు లేని ఇనుము మీద పెట్టి, "సార్, బటన్ నొక్కండి" అన్నాడు. అక్కడ పదో వంతు, మహా అయితే రెండు పదో వంతుల వోల్టు కనిపించాలి. 1.4 వచ్చింది. అంటే పాడైంది బ్యాటరీ కాదు, దాని నెగటివ్ తీగ బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు.

నట్టు బిగుతుగానే ఉంది, చేత్తో ఊపితే కదల్లేదు. విప్పి చూస్తే తీగ చివరుండే లగ్గు (లోహపు కొస) కింద సగం మేర రంగు, మిగతా సగం తుప్పు. ఫ్యాక్టరీలో రంగు సరిగ్గా గీకకుండా బిగించారో, మా ఉప్పుగాలి పుణ్యమో, రెండూ కలిసాయో చెప్పలేను. తీగ తెగిందో లేదో చెప్పే మల్టీమీటరు బీప్ పెట్టి చూస్తే ఇది దొరకదట. అక్కడ కరెంటుకి అడ్డొచ్చేది (రెసిస్టెన్స్) ఓమ్‌లో ఇరవయ్యో వంతు అంత చిన్నది, బీప్ నిక్షేపంగా వస్తుంది. కానీ బ్రేకు పంపు, బండిలోని చిన్న కంప్యూటర్లు అన్నీ ఒకేసారి లేచి 30 ఆంపియర్లు లాగితే ఆ చిన్నదాని దగ్గరే వోల్టున్నర పోతుంది. వోల్టేజీ పడిపోగానే ఒక కంప్యూటర్‌కి ఇంకోటి వినపడదు, ఒక్కొక్కటీ పక్కదాని మీద ఫిర్యాదు రాసుకుంటుంది. మనం చూసే లైట్ల తిరునాళ్ల అదే.

మరి సర్వీస్ సెంటర్‌లో ఎందుకు దొరకలేదు? బండి రెడీ అయ్యాక డీసీ-డీసీ కన్వర్టర్ పెద్ద బ్యాటరీ కరెంటును 14 వోల్టులకు దించి బండంతటికీ ఇస్తుంది. దానికి వేరే ఎర్త్ ఉంది. కాబట్టి నడుస్తున్న బండికి చిన్న బ్యాటరీ ఎర్త్ ఎలా ఉన్నా ఒకటే. నడుపుకుంటూ తీసుకెళ్లిన ప్రతిసారీ జబ్బు దాచుకునే వెళ్లిందన్నమాట. కొత్త బ్యాటరీ వేసినప్పుడు కొన్నాళ్లు బాగుండటానికి కారణం కూడా ఆ తీగను అటూ ఇటూ కదపడమే అయి ఉండాలి. మాస్టారి బానెట్ దెబ్బా అంతే.

ఎమెరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన వాజిలీన్ రాశాడు. అరగంట పని. అప్పటి నుంచి ఒక వానాకాలం పూర్తిగా గడిచింది, మీటరు 12 కిందకి రాలేదు. మీరూ చూసుకోవాలంటే ఈ 12 వోల్టుల వైపు వరకే చూడండి, పెద్ద బ్యాటరీ హై వోల్టేజీ పారే నారింజ రంగు తీగల జోలికి వెళ్లకండి.

కొనమంటారా అంటే, నాది రోజూ ఊళ్లో తిరుగుడు, ఇంటి దగ్గరే ఛార్జింగ్, పైగా ఇంట్లో స్కూటర్ ఉంది. ఆ లెక్కన నాకు ఇప్పటికీ ఇదే నచ్చుతుంది. సింహాచలం కొండ దిగుతుంటే ఛార్జింగ్ ఒకటి రెండు శాతం పెరగడం చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ఇంట్లో ఇదొక్కటే బండి ఉండి, అర్ధరాత్రి డ్యూటీకో ఆసుపత్రికో పరుగెత్తాల్సిన వాళ్లయితే నాలాగా చెప్పరేమో. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు మాత్రం ప్రతి సర్వీసులో ఎర్త్ పాయింట్లు విప్పి చూడమని జాబ్ కార్డు మీద రాయించండి. నేను అడిగితే సర్వీస్ అడ్వైజర్ "అది మా చెక్‌లిస్టులో లేదు సార్" అన్నాడు. అయినా రాయించాను. వారంటీ పొడిగింపు డబ్బులు కూడా కట్టేశాను, కాకపోతే విజయనగరం సెంటర్‌లో.