బేస్ గిటార్‌కు కంప్రెసర్ పెడలా, మిక్సర్‌లోని కంప్రెసరా?

నెల్లూరు, ఒంగోలు వైపు కల్యాణ మండపాల్లోనూ తిరునాళ్ల వేదికలపైనా బేస్ వాయించేవారికి, గట్టి స్వరాలను తగ్గించి శబ్దాన్ని సమం చేసే కంప్రెసర్ విషయంలో ఈ సందేహం తరచూ వస్తుంది.

ఖర్చు: పెడల్‌కు వేల రూపాయలు పెట్టాలి, 9 వోల్టుల అడాప్టర్, మరో కేబుల్ మోసుకెళ్లాలి. డిజిటల్ మిక్సర్లలో చాలావాటికి ప్రతి ఛానల్‌లోనూ కంప్రెసర్ ఉంటుంది.

అదుపు: అసలు తేడా ఇక్కడే ఉంది. పెడల్ మన కాలి దగ్గరే ఉండి, మన యాంప్‌లోనే (వేదికపై బేస్‌ను వినిపించే యాంప్లిఫయర్‌లోనే) ఫలితం వినిపిస్తుంది. మిక్సర్‌లోని కంప్రెసర్‌ను సౌండ్ ఇంజనీరు జనం వినే స్పీకర్లకు తగినట్లు సరిచేస్తాడు గానీ, ఆ మార్పు యాంప్‌లో తెలియదు. పెడల్‌పై అటాక్ (కంప్రెసర్ పని మొదలుపెట్టే వేగం) మరీ వేగంగా పెడితే తీగ మీటిన తొలి దెబ్బ అణగిపోయి, డ్రమ్స్ హోరులో బేస్ కలిసిపోతుంది. అందుకే అటాక్ మరీ వేగంగా పెట్టకుండా, నిష్పత్తి (గట్టి శబ్దాన్ని ఎంత మేర అణచాలో చెప్పేది) 4:1 వద్ద ఉంచి, గట్టిగా మీటిన స్వరాలు మాత్రమే 3 నుంచి 6 డెసిబెల్స్ తగ్గేలా చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

ప్రమాదం: పెడల్‌లో గెయిన్ (శబ్దాన్ని పెంచే అమరిక) పెంచితే, వేదిక కరెంటు వల్ల వచ్చే గుంయ్‌మనే శబ్దమూ పెరుగుతుంది. పెడల్‌లోనూ మిక్సర్‌లోనూ గట్టిగా అణచితే వాయిద్యంలో జీవం పోతుంది.

వేళ్లతో వాయిస్తూ మధ్యలో స్లాప్‌కు (బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతికి) మారేవారికి, యాంప్ ఒక్కటే దిక్కయిన చిన్న వేదికలకు పెడల్ కొనడం సమంజసం. పెద్ద పీఏ (జనానికి వినిపించే స్పీకర్ల వ్యవస్థ), బేస్ సంగతి తెలిసిన ఇంజనీరు ఉన్నచోట మిక్సర్ చాలు.