నీలి సున్నం గోడ: ఆరేళ్ళ వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఈ గోడకి ఆనుకోకూడదు. పుట్టినరోజు నాడు కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లల వీపుల మీద పూర్వం పడిన తెల్లటి అచ్చు, పాత పెంకుటింటి హాలుకి ప్లాస్టిక్ రంగు గీకించి మళ్ళీ నీలి సున్నం వేయించగానే తిరిగొచ్చింది. అదొక్కటే దీని మీద పెద్ద కంప్లైంటు. మిగతాదంతా మురిపెమే.

చల్లగా ఉంటుంది, గోడలో చెమ్మని బయటికి పోనిస్తుంది, చవక. ఇవి అందరికీ తెలిసినవే. ఇక్కడ మాట్లాడేది నీలం గురించి మాత్రమే.

చిన్నప్పటి నీలాన్ని మళ్ళీ తెచ్చుకోవాలనుకునేవాళ్ళు మొదట చేసే తప్పు పుట్టినరోజు ఫొటోలు తీసి షేడు కార్డు పక్కన పెట్టడం. 1970ల్లో, 80ల్లో కడిగించిన కలర్ ఫొటోల్లో ముందుగా వెలిసిపోయేది నీలివైపు రంగే. అందుకే కేకు, గౌను, గోడ అన్నీ ఎర్రబారి కనిపిస్తాయి. ఫొటోలో లేత వంగపండు రంగులో ఉన్న గోడ అసలు ఆకాశనీలం కావచ్చు. అసలు రంగు కావాలంటే పాత స్విచ్చు బోర్డు విప్పి దాని వెనక చూడాలి, లేదా గూటి లోపలి మూల బ్లేడుతో మెల్లగా గీకాలి. ఏడాదికో పొర చొప్పున ఉల్లిపాయలా విడివడుతుంది. వెలుగు తగలని చోటే నిజం చెబుతుంది.

ఇంకో సంగతి. ఆ సాయంత్రాలు 40 వాట్ల పసుపు బల్బు కింద గడిచాయి. అదే నీలం తెల్ల ఎల్‌ఈడీ కింద ఆస్పత్రి వార్డులా ఉంటుంది. పసుపు వెలుగునిచ్చే, 2700 కెల్విన్ అని రాసి ఉన్న బల్బు పెట్టాక గానీ గోడ ‘మన ఇంటి గోడ’ కాలేదు. గోడ బాగాలేదనుకుని రెండోసారి వెల్ల వేయించేముందు బల్బు మార్చి చూడండి, నూట యాభై రూపాయల్లో పోతుంది.

ఇక అసలు దెబ్బ. మొదటిసారి మేస్త్రీ సలహా మీద సున్నంలో బట్టలకి వాడే సీసా నీలిమందు కలిపించాం. పది కిలోల సున్నానికి మూడు సీసాలు. వారం రోజులు అద్భుతం. నాలుగో నెలకి కిటికీ పక్క గోడ తెల్లబడింది, బీరువా వెనక మాత్రం నీలం అలాగే ఉంది. బీరువా జరిపితే గోడ మీద దాని నీడ అచ్చుగుద్దినట్టు! కారణం తేలికే. సీసాలోది బట్టకి పట్టే అద్దకం రంగు. సున్నం ఘాటుకీ ఎండకీ అది నిలవదు. పాతకాలం వాళ్ళు వాడింది పొడి నీలం, అంటే అల్ట్రామెరీన్. దానికి సున్నం పడుతుంది. పులుపు మాత్రం పడదు. నిమ్మరసం చిందితే సున్నాన్నీ నీలాన్నీ కలిపి తినేస్తుంది.

రెండోసారి ఇలా చేయించాం. బట్టీలో కాల్చిన సున్నపురాయి పది కిలోలు, నీళ్ళు యాభై లీటర్లు. ఇనప డ్రమ్ములో ముందు కొన్ని నీళ్ళు పోసి, అందులో రాళ్ళు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఎగజిమ్ముతుంది, కళ్ళు పోతాయి. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి ఆగదు. పిల్లలున్న ఇంట్లో ఈ పని వాళ్ళు బడికి వెళ్ళాకే పెట్టుకోవాలి. ఒక రోజంతా నాననిచ్చి మిగతా నీళ్ళు కలిపి, గుడ్డలో వడకట్టాలి. తుమ్మజిగురు రెండు వందల గ్రాములు వేడినీళ్ళలో కరిగించి పోయాలి. లేత ఆకాశనీలానికి పొడి నీలం పావుకిలో సరిపోయింది. పొడిని నేరుగా వేస్తే ఉండలు కడుతుంది, కుంచె కింద ఉండ చిట్లి గోడ మీద నీలి చార పడుతుంది. ముందు ముద్దలా నూరి, దాన్నీ వడకట్టాలి. బకెట్టు అడుగుకి దిగిపోతుంది కాబట్టి పది నిమిషాలకోసారి కలుపుతుండాలి. తడి మీద ముదురుగా కనిపించి కంగారు పెడుతుంది, ఆరాక బాగా లేతబడుతుంది. పాలంత పల్చగా మూడు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు. ప్రతి పూతకి ముందు గోడ తడపాలి. చిక్కగా ఒకేసారి పూస్తే పెచ్చులూడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో పూస్తే బూడిదై రాలుతుంది. వీపు మీది అచ్చుకి సగం కారణం అదే.

సగం అంటున్నానంటే, జాగ్రత్తగా వేసినా కాస్త అంటుతూనే ఉంటుంది. పైన ‘మిగతాదంతా మురిపెమే’ అన్నాను గదా, దాన్ని కొంచెం తగ్గించుకోవాలి. తలంటుకి ముందు నూనె తలతో ఆనుకుంటే పడే మరక మీద ఎన్ని పూతలు వేసినా మళ్ళీ పైకి తేలుతుంది. అంత మేర గీకి వేయడమే దారి. బెలూన్లు టేపుతో అంటిస్తే టేపుతోపాటు సున్నం పొర ఊడొస్తుంది. ముడతల రంగు కాగితాల తోరణాలైతే మేకు నుంచి మేకుకి పురికొస కట్టి వేలాడదీయాలి, గోడకి తగలకూడదు. తడిసిన గులాబీ కాగితం గోడకి పూసే రంగు నీలం మీద చాలా అసహ్యంగా ఉంటుంది. అడుగున చౌడు పట్టే మూరెడు మేర నీలం నిలవలేదు, అక్కడ జాజు (ఎర్రమట్టి రంగు) పట్టీ తీయించాం. పాత ఇళ్ళలో ఆ పట్టీ అందానికే అనుకున్నవాళ్ళకి ఇదీ అసలు సంగతి.

ఈ ఇంట్లో ఏడాదికి రెండు పండగలకీ, ఒకటో రెండో పుట్టినరోజులకీ మనుషులుంటారు కాబట్టి సరిపోయింది. రోజూ పిల్లలు తిరిగే అపార్టుమెంటులో, అందులోనూ సిమెంటు గోడ మీద ప్లాస్టిక్ రంగు ఉన్నచోట, దీన్ని వేయించమని చెప్పలేను. ఒక గోడకి మాత్రం, మంచం చేరవేయని గోడైతే, ప్రయత్నించొచ్చు.

వెల్ల వేశాక గోడ ఆరిందో లేదో చూడ్డానికి ఒక ఉపాయం. తడి పసుపు వేలితో ఓ మూల ముట్టించండి. ఎర్రబడితే సున్నం ఇంకా పచ్చిగానే ఉన్నట్టు, సామాను చేరవేయకండి. పసుపుగానే, మహా అయితే కాస్త నారింజగా ఉంటే గట్టిపడినట్టు. కొత్త బట్టల అంచుకి పసుపు పెట్టి, అదే చేత్తో పెద్దవాళ్ళు తలుపు పక్క గోడని పట్టుకుంటే పడిన ఎర్రటి వేళ్ళ గుర్తులు కుంకుమవి కావు.