డబ్, ఇండస్ట్రియల్, పాప్: ఏది మేలు?

ఈ మూడూ మూడు రకాల సంగీతాలు, డబ్ అంటే సినిమా డబ్బింగ్ కాదు, జమైకాలో పుట్టిన సంగీతం. నా ఓటు డబ్‌కే, ముందే చెప్పేస్తున్నా. మా బరంపురంలో ఊరేగింపు డీజేలు, సినిమా పాటలు తప్ప ఇంకేం వింటారులే అనుకుంటారు గానీ ఈ మూడూ వినేవాళ్లం ఇక్కడా ఉన్నాం, పర్లాకిమిడి నుంచి మా బాబాయి కొడుకు వచ్చినప్పుడల్లా "అన్నయ్యా, దేంతో మొదలెట్టాలి" అని అడుగుతూనే ఉంటాడు, అందుకే ఇది రాస్తున్నా.

పాప్‌ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు అస్సలు పడదు. 1982లో వచ్చిన మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ తీసుకోండి, అందులో బిల్లీ జీన్ మొదట్లో డ్రమ్స్ ఒక్కటే వస్తాయి, కాసేపటికి బేస్ వచ్చి కలుస్తుంది, అంతే, ఇంక వదలబుద్ధి కాదు. ఆటోలో పెట్టినా, ఫోన్ స్పీకర్‌లో పెట్టినా పాట చెక్కుచెదరదు. కాకపోతే పాప్‌లో గొంతుదే పెత్తనం, మిగతావన్నీ దాని వెనకాల నిలబడాల్సిందే.

ఇండస్ట్రియల్ అలా కాదు. ఇంగ్లండ్‌లో త్రాబింగ్ గ్రిసిల్ అనే బ్యాండ్ వాళ్లు 1976లో ఇండస్ట్రియల్ రికార్డ్స్ అని సొంత రికార్డుల కంపెనీ పెట్టారు, ఈ పేరు అక్కణ్ణుంచే. వెస్ట్ బెర్లిన్ బ్యాండ్ ఐన్‌స్టుర్జెండే నోయిబౌటెన్ అయితే తుక్కు ఇనుము, డ్రిల్లింగ్ మెషిన్లే వాయిద్యాలుగా పెట్టుకుని 1981లో కొలాప్స్ అనే రికార్డు చేశారు. తేరుబలి ఫ్యాక్టరీలో షిఫ్ట్ చేసే మా బావకి వినిపిస్తే "ఇది రోజూ వినేదే కదా బావా, మళ్లీ ఇంట్లో కూడానా" అన్నాడు. ఆయన మాట కొట్టిపారెయ్యలేను గానీ, పనిలో ఉన్నప్పుడు ఆ చప్పుడు తప్పించుకోవాల్సిన చప్పుడు, రికార్డులో అదే ఇనుముకి ఒక వరస ఉంటుంది, ఎక్కడ మోగాలో ఎక్కడ ఆగాలో ఎవరో కూర్చుని ఆలోచించారు. కోపంగా ఉన్న రోజున దీన్ని మించింది లేదు. కానీ రోజూ వినమంటే నా వల్ల కాదు.

ఇక డబ్. జమైకాలో అప్పట్లో 45 అనే చిన్న గ్రామఫోన్ రికార్డుకి ఒకవైపు పాట, రెండోవైపు గొంతు తీసేసిన 'వెర్షన్' వేసేవాళ్లు, కింగ్ టబ్బీ అనే సౌండ్ ఇంజనీర్ ఆ రెండోవైపునే ఒక కళ చేసేశాడు. ఆయన రేడియోలు బాగుచేసి, ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిన మనిషి, మన మోటార్ వైండింగ్ షాపు మేస్త్రీల్లాంటివాడు, అందుకే స్టూడియోలో శబ్దాల్ని పెంచి, తగ్గించి కలిపే మిక్సర్ ఆయన చేతిలో వాయిద్యం అయిపోయింది. జాకబ్ మిల్లర్ పాడిన 'బేబీ ఐ లవ్ యూ సో' మామూలుగా చక్కటి ప్రేమ పాట. దాని డబ్, జమైకా సంగీతకారుడు అగస్టస్ పాబ్లో 1976 ఆల్బమ్‌లోది, కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్, అందులో గొంతు సగం మాటలో తెగిపోతుంది, ఆ ముక్క ఎకోలో దూరంగా వెళ్లిపోతుంది, గిటార్ ఒక్క దెబ్బ కొట్టి మాయమవుతుంది, డ్రమ్స్, బేస్ మాత్రం నడుస్తూనే ఉంటాయి, మధ్యలో పాబ్లో వాయించే మెలోడికా, అంటే నోటితో ఊదుతూ మెట్లు నొక్కే వాయిద్యం. తీసేసిన చోట మన చెవే పాటని పూర్తి చేసుకుంటుంది, ఈ సుఖం పాప్‌లోనూ లేదు ఇండస్ట్రియల్‌లోనూ లేదు, నేను ఓటేసింది దీనికే.

మూడూ ఒకచోట కావాలంటే ఇంగ్లండ్ ప్రొడ్యూసర్ ఏడ్రియన్ షెర్‌వుడ్ ఉన్నాడు. ఇంగ్లండ్ బ్యాండే అయిన డెపెష్ మోడ్ 1984 పాట పీపుల్ ఆర్ పీపుల్ అసలే ఇనుప చప్పుళ్లున్న పాప్, దాన్ని ఈయన డబ్ పద్ధతిలో రీమిక్స్ చేశాడు. బాగుంటుంది, కానీ మొదటిసారి వినేవాళ్లకి అది వద్దు.

ఇంకోటి, డబ్‌ని ఫోన్ స్పీకర్‌లో విని "ఇందులో ఏముంది" అనకండి, ఆ బుల్లి స్పీకర్‌లో కింది బేస్ పలకదు, బేస్ పోతే డబ్‌లో సగం పోయినట్టే. మంచి హెడ్‌ఫోన్ గానీ పెద్ద బాక్స్ గానీ ఉండాలి. మా తమ్ముడికి మాత్రం ముందు మిల్లర్ పాట, అది అయిన వెంటనే పాబ్లో వెర్షన్, మధ్యలో ఇంకేమీ పెట్టకుండా వినమన్నాను.