ఎక్స్‌-ప్లేన్ 12లోని ఆర్వీ-10: ఫ్లాపులు, ట్రిమ్ నేర్చుకునేవారికి ఎంతవరకు పనికివస్తుంది?

సొంతంగా విమానం నిర్మించుకునేవారు మన దగ్గర అరుదు. అలాంటి తేలికపాటి విమానం గాలిలో ఎలా నడుచుకుంటుందో తెలుసుకోవాలనుకునే విశాఖ విద్యార్థికి కంప్యూటర్‌లో విమానం నడిపించే సిమ్యులేటరే దగ్గరి దారి. ఆర్‌కే బీచ్ రోడ్డులోని టీయూ-142 మ్యూజియంలో రెక్కలను దగ్గరగా చూడవచ్చు గానీ, ఫ్లాపు (రెక్క వెనక అంచున కిందికి దిగే పలక) కదిలితే విమానం ఏమవుతుందో అక్కడ తెలియదు. లామినార్ రీసెర్చ్ సంస్థ 2022లో విడుదల చేసిన విమాన సిమ్యులేటర్ ఎక్స్‌-ప్లేన్ 12లో, అమెరికాకు చెందిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సొంతంగా కట్టుకునే విడిభాగాల కిట్‌గా అమ్మే నాలుగు సీట్ల ఆర్వీ-10 కూడా ఉంది. ఫ్లాపులు దించినప్పుడు ముక్కు ఎటు తిరుగుతుంది, దాన్ని ట్రిమ్‌తో (పైలట్ చేత్తో పట్టి ఉంచకుండానే ముక్కును ఒక స్థితిలో నిలిపే అమరిక) ఎలా సరిదిద్దాలి అన్న ఒక్క విషయం కోసమే నేను దాన్ని పరిశీలించాను. లెక్కలో ఈ సాఫ్ట్‌వేర్ నమ్మదగినదే. చేతికి తెలియవలసిన బరువు మాత్రం ఇందులో తెలియదు.

ఫ్లాపు దిగితే రెక్క వంపు పెరిగి, లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) పనిచేసే చోటు వెనక్కి జరుగుతుంది కాబట్టి ముక్కు కిందికి వంగాలి. అదే సమయంలో రెక్క దాటిన గాలి మునుపటికంటే ఏటవాలుగా కిందికి వాలి తోక రెక్కను అణచివేస్తుంది కాబట్టి ముక్కు పైకి లేవాలి. ఈ రెండింటిలో ఏది పైచేయి అవుతుందనేది రెక్క క్యాబిన్‌కు పైన ఉందా కింద ఉందా, తోక ఆ గాలి దారిలో ఉందా, ఫ్లాపు తెచ్చిన నిరోధం గరిమనాభికి (విమానం బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు) ఏ వైపున పనిచేస్తోంది అన్నవాటిని బట్టి తేలుతుంది. పై రెక్కల సెస్నా 172లో ముక్కు స్పష్టంగా పైకి లేస్తుంది. కింది రెక్కల ఆర్వీల వంటి విమానాల్లో సాధారణంగా కిందికి వంగుతుంది. ఇంట్లో కట్టిన విమానాల్లో మరో చిక్కు ఉంది: ఒకే నమూనా చూసి కట్టినా ఇంజిన్, ప్రొపెల్లర్, బ్యాటరీ, రంగు పూతల బరువులు మారుతూ గరిమనాభి కూడా మారుతుంది కాబట్టి, పక్కవాడి విమానంలో సరిపోయిన ట్రిమ్ మన విమానంలో సరిపోతుందని అనుకోవడానికి వీల్లేదు.

ఎక్స్‌-ప్లేన్ రెక్కనూ తోకనూ చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క మీద గాలి చూపే బలాన్ని ఎప్పటికప్పుడు లెక్కగడుతుంది. డాల్ఫిన్స్ నోస్‌కు ఆవల, సముద్రం మీద విమానాన్ని సమతలంగా నిలిపి, ట్రిమ్ సరిచేసి, స్టిక్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే మీట) వదిలేసి ఒక మెట్టు ఫ్లాపు దించి చూడండి. ముందు విమానం కాస్త పైకి తేలుతుంది, వేగం తగ్గుతుంది, ఆ తర్వాతే ముక్కు తన కొత్త స్థితిని వెతుక్కుంటుంది. ఫ్లాపు ప్రభావం ఒక్క క్షణంలో ముగిసేది కాదన్న సంగతి ఇక్కడ కళ్లకు కడుతుంది. డెవలపర్ మెనూలో ఫ్లైట్ మోడల్‌ను చూపే సదుపాయాన్ని తెరిస్తే రెక్క మీదా తోక మీదా బలాలు గీతలుగా కనిపిస్తాయి, ఫ్లాపుతోపాటు తోక మీది గీత మారడం కూడా చూడవచ్చు. వీటన్నిటికంటే నాకు నచ్చింది దీనితోపాటే వచ్చే, విమానం ఆకారాన్ని మార్చుకోనిచ్చే ప్లేన్ మేకర్. విమానం నకలు తీసుకుని, తోక రెక్కను నిలువు తోక చివరకు ఎక్కించి మళ్లీ ఎగిరితే, కిందికి వాలే గాలి నుంచి తోక తప్పించుకోవడం వల్ల ముక్కు మరింతగా కిందికి లాగుతుంది. పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా పట్టుబడని విషయం ఈ ఒక్క మార్పుతో అర్థమవుతుంది. ఈ ఒక్క పనిముట్టు కోసమైనా డబ్బు పెట్టవచ్చునని నా అభిప్రాయం.

లోటు స్టిక్ దగ్గర ఉంది. నిజమైన విమానంలో ట్రిమ్ చేస్తే స్టిక్ కొత్త చోటనే నిలుస్తుంది, చేతి మీది బరువు పోతుంది. బల్ల మీది జాయ్‌స్టిక్‌ను స్ప్రింగ్ ఎప్పుడూ మధ్యకే లాగుతుంది కాబట్టి, ట్రిమ్ చేస్తున్నకొద్దీ మనమే స్టిక్‌ను మెల్లగా వదులుతూ రావాలి. ఇది ప్రమాదకరమైన అలవాటుగా మారే చోటు ఒకటుంది. పూర్తి ఫ్లాపులతో, తక్కువ వేగంతో, ముక్కు పైకి ఉండేలా ట్రిమ్ పెట్టుకుని దిగుతూ, చివరి నిమిషంలో ల్యాండింగ్ మానుకుని థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే మీట) పూర్తిగా తెరిస్తే ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అప్పుడు నిజమైన పైలట్ స్టిక్‌ను బలంగా ముందుకు నెట్టి పట్టుకుని, ట్రిమ్ తగ్గిస్తూ, ఫ్లాపులను మెట్లవారీగా ఎత్తాలి. ఆలస్యమైతే రెక్కలు లిఫ్ట్ కోల్పోయి విమానం స్టాల్ అవుతుంది. సిమ్యులేటర్‌లో ముక్కు లేవడం కనిపిస్తుంది గానీ, రెండు వేళ్లతో నెడితే సరిపోతుంది. శిక్షణ తీసుకోబోయేవారు ఈ తేడాను తమ శిక్షకుడితో తప్పక మాట్లాడాలి.

కొనేవారికి ఒక మాట. ద్వారకానగర్ దుకాణాల్లో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా ట్రిమ్ చక్రం ఉన్న ఖరీదైన థ్రాటిల్ పెట్టెలే ముందు చూపిస్తారు. సెస్నా నడిపేవారికి అవి బాగుంటాయి. ఆర్వీ-10లో ట్రిమ్ విద్యుత్తుతో నడుస్తుంది కాబట్టి, జాయ్‌స్టిక్ మీది బొటనవేలి మీటకే ట్రిమ్‌ను కేటాయించి, ఫ్లాపులను పక్క బటన్లకు పెట్టుకోండి. ఆ డబ్బుతో మంచి రడ్డర్ పెడల్స్ (ముక్కును పక్కలకు తిప్పే పాదాల మీటలు) కొనుక్కోవడం మేలు.