ఎంసీఆర్ చెప్పులు: మా నాన్న ఎనిమిది నెలలు వాడాక

ముందే చెప్పేస్తా, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళ కోసం మెత్తటి రబ్బరుతో కుట్టే ఈ చెప్పులు చూడ్డానికి బాగోవు. నలుపు, బ్రౌన్ రెండే రంగులు, మందంగా ఉంటాయి, మా అమ్మ చూసిన రోజే ‘ఆసుపత్రి చెప్పుల్లా ఉన్నాయే’ అంది. అయినా నాన్న ఎనిమిది నెలలుగా ఇవే వేసుకుంటున్నారు, ఇంట్లోకి ఒక జత బయటికి ఒక జత, ఇన్ని నెలల్లో కాలికి ఒక్క పుండు పడలేదు. చెన్నైలో మనవాళ్ళలో షుగర్ ఉన్న చాలా మందికి ఇలాంటివి ఉన్నాయని కూడా తెలీదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నాన్నకి షుగర్ వచ్చి 17 ఏళ్ళు. పోయినేడు చిత్రా పౌర్ణమికి అరుణాచలం వెళ్ళారు, 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, చెప్పుల్లేకుండానే, సాయంత్రం నాలుగింటికే మొదలెట్టేశారు, రోడ్డు ఇంకా కాలుతూనే ఉంది. పక్కన నడిచేవాళ్ళు అమ్మా అబ్బా అంటూ రోడ్డు మీది తెల్లగీత పైకీ నీళ్ళు చల్లిన చోటుకీ పరిగెడుతుంటే ఈయన మాత్రం తిన్నగా నడుచుకుంటూ వెళ్ళిపోయారట, అంతా స్వామి దయ అనుకున్నారు. మర్నాడు వేళచ్చేరిలో మా ఇంటికొచ్చాక అమ్మ గచ్చు మీద ఎర్రటి తడి అడుగు చూసింది. కాలెత్తి చూస్తే బొటనవేలి కింద ఎత్తు దగ్గర రూపాయి బిళ్ళంత పొక్కు చితికిపోయి ఉంది. ‘నొప్పేం లేదమ్మా, అదే తగ్గిపోతుంది’ అన్నారు. నాలుగు నెలలు పట్టింది మానడానికి.

అంతకుముందు ఏళ్ళ తరబడి చూపించుకున్న చోట మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు) చూసేవాళ్ళు, బీపీ చూసేవాళ్ళు, మాత్రలు మార్చేవాళ్ళు, ఒక్కసారి కూడా సాక్స్ విప్పండి అనలేదు. ఇప్పటికీ తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ డాక్టర్ దగ్గరే కాలికి ఆనెకాయ ఉందని నాన్న చెప్తే పక్క మెడికల్ షాపులో కార్న్ క్యాప్ కొనుక్కుని అంటించుకున్నారు, అందులో ఉండేది చర్మాన్ని కరిగించే ఆసిడ్ అని, స్పర్శ లేని కాలికి అది అస్సలు పెట్టకూడదని మాకు తర్వాత తెలిసింది.

పుండుకి కట్టు కట్టిన పాదాల క్లినిక్‌లోనే మొదటిసారి స్పర్శ టెస్ట్ చేశారు. సన్న నైలాన్ దారం, అది వంగేదాకా ఒత్తితే 10 గ్రాముల ఒత్తిడి పడుతుందట, అంతే, కరెంటు లేదు మెషిన్ లేదు. కళ్ళు మూసుకోండి, తగిలినప్పుడల్లా చెప్పండి అన్నారు. టెస్ట్ చేసే ఆవిడ నాన్న అరికాల్లో మూడు చోట్ల ఒత్తింది, దారం వంగడం నేను చూస్తూనే ఉన్నా, నాన్న కళ్ళు మూసుకునే ‘ఇంక మొదలుపెట్టండమ్మా’ అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది.

చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చి రక్తం సరిగ్గా వెళ్తోందా అని కూడా చూశారు, ఆ నిష్పత్తి 0.9 కంటే తగ్గితే అనుమానించాలట, నాన్నకి అది బాగానే ఉంది, నరాలే దెబ్బతిన్నాయి. పుండు మానినవాళ్ళలో 100కి 40 మందికి ఏడాదిలోపే మళ్ళీ పడుతుంది, మానింది కదా అని పాత చెప్పుల్లోకి వెళ్ళకండి అని చీటీ రాసిచ్చారు.

ఆ చీటీ పట్టుకుని ఉత్తర చెన్నైలో ఒక చిన్న షాపుకి వెళ్ళాం. కొలత తీసుకుని కుట్టిస్తారు, రెడీమేడ్ కాదు. షాపాయన తెలుగాయనే, అక్కడే పుట్టి పెరిగారట. నాకు నచ్చిన మొదటి విషయం, డాక్టర్ చీటీ లేకుండా కొలత తియ్యనన్నారు. రెండోది, కొలత కంటే ముందు నాన్న పాత షూ తీసుకుని లోపల చెయ్యి పెట్టి మెల్లగా తడిమారు, ఒక చింతగింజ బయటికి తీశారు. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఏమో, ఇన్‌సోల్‌లో దాని అచ్చు గుంట పడిపోయింది. ‘అయ్యా, మీరు రోజూ దీని మీదే నడిచారు’ అన్నారు. నాన్న ఏం మాట్లాడలేదు, ఆ గింజ తీసుకుని జేబులో వేసుకున్నారు.

తర్వాత ఇంకు పూసిన గళ్ళ రబ్బరు షీటు కింద కాగితం పెట్టి దాని మీద నడిపించారు. బరువు ఎక్కువ పడేచోట ముద్ర నల్లగా వస్తుంది, నాన్న ముద్రలో సరిగ్గా పుండు పడిన చోటే కాటుక పెట్టినట్టు నల్లటి మచ్చ. ఆ చోట రబ్బరుని కాస్త లోతు చేసి కుడతారు.

చెప్పు సంగతికొస్తే, పైన పాదం ఆనేది ఎంసీఆర్, అంటే లోపల సన్న గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు, గోరుతో నొక్కితే దిగి మళ్ళీ పైకొస్తుంది. దానికింద ముల్లు గుచ్చుకున్నా పైకి రాని గట్టి సోల్. ఎక్కడా మేకు ఉండదు, జిగురూ కుట్టూ అంతే. వేళ్ళ మధ్య పట్టీ ఉండదు, హవాయి చెప్పుల్లా వేళ్ళతో బిగించి పట్టుకోనక్కర్లేదు, వెనక మడమకి పట్టీ ఉంటుంది కాబట్టి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలీకపోవడం అనేది ఉండదు. ఈ రబ్బరు మన పక్కనే వేలూరులో కుష్ఠు రోగుల కోసం వాడుతూ వచ్చారట. 1946లో అక్కడి సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్, ఆ రోగుల కాళ్ళు వాటంతటవే కుళ్ళిపోవట్లేదు, నొప్పి తెలీక దెబ్బ మీద దెబ్బ తగిలి పోతున్నాయి అని కనిపెట్టారు, తర్వాత అమెరికా వెళ్ళి అదే మాట షుగర్ పాదాలకీ చెప్పారు. మా నాన్న సంగతి అచ్చం అదే కదా.

రెండు జతలకి 3,700 అయింది. వారం అన్నారు, పదహారు రోజులు పట్టింది, రెండుసార్లు ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. మొదటిరోజు గంటే వేసుకోమన్నారు, విప్పాక ఎక్కడైనా ఎర్రబడి ఇరవై నిమిషాల్లో పోకపోతే తెచ్చెయ్యమన్నారు. చిటికెన వేలి దగ్గర అలాగే ఎర్రబడింది, తీసుకెళ్తే మా ముందే పట్టీ విప్పి వదులు చేసిచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

ఇబ్బందులు లేవని కాదు. డిసెంబర్ వానల్లో మా వీధిలో నీళ్ళు నిలిస్తే తడిసిన చెప్పు ఆరడానికి రెండు రోజులు పట్టింది, ఎండలో పెట్టకూడదు, ఫ్యాన్ కిందే ఆరబెట్టాలి. వెల్క్రోలో జుట్టూ దారాలూ చిక్కుకుంటాయి, పాత టూత్‌బ్రష్‌తో తీస్తున్నాం. అన్నిటికంటే ముఖ్యం, ఆరు నెలలకే బొటనవేలి కింద రబ్బరు అణిగిపోయింది, వేలితో నొక్కితే పైకి రాలేదు, అంటే మార్చాలి. అది చెప్పు తప్పు కాదు, కానీ ఏడాదికి రెండుసార్లు ఈ ఖర్చు ఉంటుందని ముందే తెలిసుంటే బాగుండేది.

ఇంకోటి, డయాబెటిక్ చెప్పులు అని రాసి అమ్మేవన్నీ ఇవి కావు. బొడిపెలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు మా బాబాయి ప్రేమగా కొనిచ్చారు, స్పర్శ లేని అరికాలికి ఆ బొడిపెలు చింతగింజ చేసిన పనే చేస్తాయి, తీసి పక్కన పెట్టేశాం. అలాగే పుండు ఉన్నప్పుడు ఈ చెప్పులు సరిపోవు, దానికి డాక్టర్ కట్టే కట్టు వేరే. పాదం ఉన్నట్టుండి వేడెక్కి వాచిపోతే, నొప్పి లేకపోయినా సరే, ఆరోజే చూపించండి, ఎముకలు దెబ్బతింటూ ఉండొచ్చు.

ఇంట్లో చెప్పులేసుకోవడానికి నాన్న చాలా రోజులు ఒప్పుకోలేదు, ఇంట్లో చెప్పులేంటి అని. ఇప్పుడు పూజగదిలోకి మాత్రం విప్పి మందపాటి తెల్ల సాక్స్‌తో వెళ్తారు, తెల్లవైతే రక్తం చుక్క పడినా కనిపిస్తుంది. ఈ ఏడు చిత్రా పౌర్ణమికి ఆటోలో ప్రదక్షిణ చేసొచ్చారు, లింగాల దగ్గర దిగినప్పుడు సాక్స్ ఉంచుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు.

రోజూ రాత్రి అన్నం తిన్నాక కాలు అద్దంలో చూసుకుంటారు, కళ్ళద్దాలు పెట్టుకున్నా సరిగ్గా కనపడక అమ్మని పిలుస్తారు, అమ్మ టార్చి వేసి వేళ్ళ మధ్య కూడా చూస్తుంది. కొబ్బరినూనె రాస్తుంది, వేళ్ళ మధ్య తప్ప.

పోయిన వారం కొత్త జతకి మళ్ళీ వెళ్ళాం. ఇంకు షీటు ఇంకా నేల మీదే ఉంది, షాపాయన మా అమ్మ వైపు చూసి ‘మీకూ షుగరుందామ్మా’ అని అడిగారు. 11 ఏళ్ళ నుంచీ ఉంది. ఆవిడ పాదాలు ఇంతవరకూ ఎవరూ చూడలేదు, మేం కూడా. గురువారానికి క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం, ఆ నైలాన్ దారం టెస్ట్‌కి.