ధోలావీర, లోథాల్: వానను నమ్ముకోలేని ఊళ్ళు

గుజరాత్‌లోని కచ్‌లో తెల్లని ఉప్పు మైదానం, అంటే రణ్, చూసి వెనుదిరిగేవారు ఇంకొక్క రోజు ఉంచుకుని ధోలావీర వెళ్ళాలి. ఖావడా నుంచి రణ్ మధ్యగా వేసిన కొత్త రోడ్డు వల్ల, రాపర్ మీదుగా చుట్టుతిరిగే పాత దారి కంటే దూరం బాగా తగ్గింది. పెట్రోలు, నగదు భుజ్‌లోనే చూసుకోవడం మంచిది. ధోలావీర ఉన్న ఖదీర్ బేట్ దీవి చేరాక నా ఫోనుకు సిగ్నలు వస్తూ పోతూ ఉంది.

2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఈ హరప్పా నగరం దాదాపు క్రీ.పూ. 3000 నుంచి 1500 వరకు మనుషులను నిలబెట్టింది. చుట్టూ ఉప్పునేల, ఏడాది పొడవునా పారే నది లేదు. ఉన్నవి వానాకాలపు వాగులు రెండే: మాన్సర్, మన్హర్. వాటికి అడ్డుకట్టలు వేసి, నీటిని ప్రాకారం లోపలి చెరువుల్లోకి మళ్ళించారు. తూర్పు చెరువు పొడవు సుమారు 73 మీటర్లు, లోతు 10 మీటర్లు. నీటిమట్టం తగ్గేకొద్దీ దిగడానికి రాతిమెట్లున్నాయి. కోటలో కురిసిన వానను పట్టడానికి రాతికాలువలు వేరు. కరువు వస్తుందని తెలిసినవాళ్ళు కట్టిన ఊరిది. అందుకే ఇక్కడ కోట ద్వారం కంటే చెరువులకే ఎక్కువ సమయమివ్వమంటాను.

సుమారు 4,200 ఏళ్ళ కిందట రుతుపవనాలు బలహీనపడ్డాయి. ఆ తర్వాతి కథ చెప్పే శిథిలాల దగ్గర ఎవరూ ఆగడం లేదు. నగరం కుంచించుకుపోయింది, కొంతకాలం ఖాళీ అయింది, మళ్ళీ మనుషులొచ్చి చిన్న పల్లెగా బతికారు. చివరి దశలో వాళ్ళు కట్టుకున్నవి గుండ్రటి గుడిసెలు. తవ్వకాల్లో కూలికి వెళ్ళిన స్థానికుడొకరు మాకు దారి చూపారు. ఆయన లేకపోతే ఆ వలయాకారపు పునాదులను దాటుకుంటూ పోయేవాళ్ళం. దీన్ని పతనం అనడానికి నాకు మనసొప్పదు. సౌరాష్ట్రలోని రోజ్డీ వంటి ఊళ్ళు సామల్లాంటి చిరుధాన్యాలు పండిస్తూ క్రీ.పూ. 2000 తర్వాత కూడా కొనసాగాయి. నగరాన్ని వదులుకున్నారు, బతుకును వదులుకోలేదు.

బస విషయానికొస్తే, చలికాలంలో వేసే డేరాలు ఖరీదెక్కువ, రాత్రి పాటల హోరూ ఎక్కువే. ఊళ్ళోని భుంగాలో ఉండటం నాకు నచ్చింది. మందపాటి మట్టిగోడల గుండ్రటి ఇల్లు, మధ్యాహ్నపు ఎండలోనూ లోపల చల్లగా ఉంది. స్నానానికి కొలిచినట్టు బకెట్టు నీళ్ళే ఇస్తారు. ఆ నేలమీద అది సబబే. పొద్దున్నే శిథిలాల దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు. ఎండెక్కితే అక్కడ నీడ దొరకదు.

మరో హరప్పా ఊరైన లోథాల్ అహ్మదాబాద్ నుంచి సులువుగా వెళ్ళిరాగల చోటు, పూటలో చూసేయవచ్చు. అక్కడి కష్టం వరదలు. ఇళ్ళను పచ్చి ఇటుకల ఎత్తైన అరుగుల మీద కట్టారు. 200 మీటర్లకు పైగా పొడవున్న ఇటుకల తొట్టి ఓడరేవా, చెరువా అన్న వాదన ఇంకా తేలలేదు. మ్యూజియంలో ఒక పక్షం మాటే చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు. రెండూ చూసే వీలుంటే లోథాల్ ముందు పెట్టుకోండి, నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. ధోలావీరలో ఒక రాత్రైనా ఉండండి.